నెలకోసారి తీసే పాత కారు: స్పార్క్ ప్లగ్ రంగు చూసి జబ్బు కనిపెట్టడం ఎలా?

ఇక్కడ యూకేలో 40 ఏళ్లు దాటిన కారును హిస్టారిక్ వాహనంగా నమోదు చేసుకుంటే రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు. పెద్ద మార్పులేవీ చేయని కారైతే ఏటా ఎంఓటీ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఏడాదికోసారి కారు కింద లైటు వేసి చూసే మనిషి కూడా లేనట్టే. బండి రోడ్డు మీదకు పనికొస్తుందో లేదో చూసుకునే బాధ్యత చట్టప్రకారం ఓనరుదే. ఇంజిన్ లోపల ఏం జరుగుతోందో ఇంట్లోనే తెలుసుకోవడానికి అతి చవకైన దారి స్పార్క్ ప్లగ్ విప్పి చూడటం.

మా ఇంట్లో ఉన్నది 1968 నాటి ఎంజీబీ. 1798 సీసీ బీ-సిరీస్ ఇంజిన్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. మన ఊళ్లలో తిరిగిన పాత అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వచ్చిన 1489 సీసీ ఇంజిన్ కూడా ఇదే కుటుంబానిది. కాబట్టి అంబాసిడర్ చూసిన చేతులకు ఇది కొత్తేమీ కాదు. నడపడం మావారి సరదా, ప్లగ్‌లు చూసి పుస్తకంలో రాసిపెట్టడం నా వంతు.

మసి ఎందుకు పడుతుంది?

ప్లగ్ మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ తెల్లటి పింగాణీ ముక్కు ఉంటుంది. అది సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితేనే తన మీద పడ్డ మసిని తానే కాల్చేసుకుంటుంది. 800 డిగ్రీలు దాటిపోతే స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకునే ప్రమాదం ఉంది. ఈ రెండింటి మధ్య ఉంటేనే ప్లగ్ ఆరోగ్యం.

చల్లటి ఇంజిన్‌కు చోక్ లాగి స్టార్ట్ చేస్తే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. పూర్తిగా కాలని పెట్రోల్ నల్లటి కార్బన్‌గా ముక్కు మీద పేరుకుంటుంది. కార్బన్ గుండా కరెంటు పారుతుంది. దాంతో కాయిల్ పంపిన కరెంటు గ్యాప్ దూకకుండా మసి మీదుగా ప్లగ్ బాడీలోకి జారిపోతుంది. స్పార్క్ బలహీనమై బండి మిస్సింగ్ కొడుతుంది. కాలని పెట్రోల్ ఇంకా మిగిలి, మసి ఇంకా పెరుగుతుంది. పైగా ఆ పచ్చి పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కింద ఆయిల్‌లో కలుస్తుంది. రింగులు అరిగేది ఇలాగే. ప్లగ్ ధర నాలుగైదు పౌండ్లే కావచ్చు, దాన్ని పట్టించుకోకపోతే పోయేది ఇంజిన్.

సరిగ్గా చదవాలంటే

గ్యారేజీలో పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ప్లగ్ తీస్తే ఏ కారుదైనా నల్లగానే ఉంటుంది, దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. చోక్ పూర్తిగా లోపలికి నెట్టాక, కనీసం అరగంట ఒకే వేగంతో నడపండి. ఇంటికి రాగానే ఐడిల్‌లో ఉంచకుండా వెంటనే ఆపేయండి. ఇంజిన్ చల్లారాకే విప్పాలి. ముందు ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్ము ఊదెయ్యండి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. వైర్లకు నంబర్లు వేసుకోండి, రేడియేటర్ వైపుది ఒకటి. తీసిన ప్లగ్‌లను గుడ్ల అట్టపెట్టెలో అదే వరసలో పెట్టి, పగటి వెలుతురులో చూడండి.

ఏ రంగుకు ఏ అర్థం?

లేత గోధుమ లేదా బూడిద రంగు: అంతా బాగుంది. అన్‌లెడెడ్ పెట్రోల్‌తో రంగు బాగా పాలిపోయి ఉంటుంది, పాత పుస్తకాల బొమ్మల్లో ఉన్నంత ముదురు గోధుమ రంగు కోసం వెతకొద్దు.

పొడి నల్ల మసి, వేలికి అంటేది: పెట్రోల్ ఎక్కువవుతోంది. చోక్ పూర్తిగా వెనక్కి రాకపోవడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, స్పార్క్ బలహీనంగా ఉండటం, లేదా కేవలం చిన్న చిన్న ప్రయాణాలు.

నల్లగా, జిడ్డుగా, తడిగా: ఆయిల్ లోపలికి వస్తోంది. వాల్వ్ గైడ్‌లో రింగులో అరిగి ఉంటాయి. కాసేపు ఐడిల్‌లో ఉంచి కదిలించినప్పుడు నీలం పొగ వస్తే వాల్వ్ వైపు అనుమానించాలి.

తడిగా, పెట్రోల్ వాసన: ఆ సిలిండర్‌లో స్పార్కే రావడం లేదు, లేదా పెట్రోల్ ముంచెత్తింది.

తెల్లగా, మెరుస్తూ, బొబ్బలెక్కినట్టు: మితిమీరిన వేడి. గాలి లీకు, పెట్రోల్ తక్కువవడం, టైమింగ్ ముందుకు జరగడం కారణాలు కావచ్చు. ఇదొక్కటి కనిపిస్తే కారణం తేలేదాకా బండి తీయొద్దు. మసి పట్టిన బండి దారిలో ఆగుతుంది, ఇలాంటి బండి పిస్టన్‌నే కరిగించుకుంటుంది.

నాలుగింటినీ పోల్చండి

ఒక్క ప్లగ్ రంగు కన్నా నాలుగింటి మధ్య తేడా ఎక్కువ చెబుతుంది. నాలుగూ నల్లగా ఉంటే చోక్, ఎయిర్ ఫిల్టర్, కాయిల్, పాయింట్లు చూడాలి. ఒక్కటే వేరుగా ఉంటే ఆ సిలిండర్ వాల్వ్, రింగు, లేదా దాని వైరు. ఈ ఇంజిన్‌లో ముందు కార్బురేటర్ 1, 2 సిలిండర్లకు, వెనకది 3, 4 సిలిండర్లకు పెట్రోల్ ఇస్తుంది. కాబట్టి 1, 2 నల్లగా, 3, 4 శుభ్రంగా ఉంటే ముందు కార్బురేటర్ జెట్ చోక్ లాగిన చోటే ఇరుక్కుందేమో చూడండి. చాలాసార్లు కేబుల్ సర్దితే సరిపోతుంది, కార్బురేటర్ మొత్తం విప్పించే ఖర్చు తప్పుతుంది.

శుభ్రం చేయడం, బిగించడం

పొడి మసి అయితే కార్బ్ క్లీనర్, నైలాన్ బ్రష్ చాలు, తర్వాత బాగా ఆరనివ్వాలి. ఇనుప బ్రష్‌తో పింగాణీని గీకొద్దు, దాని మీద మిగిలే లోహపు గీతల గుండా కూడా కరెంటు పారుతుంది. ఆయిల్ తడిసినదైతే కొత్తది వేయడమే మేలు, కానీ కారణం కూడా చూడాలి. గ్యాప్ ఫీలర్ గేజ్‌తో 0.025 అంగుళం, అంటే సుమారు 0.64 మిల్లీమీటర్లు పెట్టాలి. ఇది మా కారు లెక్క, మీ కారుది హ్యాండ్‌బుక్‌లో చూసుకోండి.

ముందు చేత్తో చివరిదాకా తిప్పాలి. ఆ తర్వాతే పానా. వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌కు అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, పాతదానికి పన్నెండో వంతు చాలు.

ప్లగ్ మీది నంబరు వేడి స్థాయిని చెబుతుంది. ఎన్‌జీకేలో నంబరు పెరిగితే ప్లగ్ చల్లనిది, చాంపియన్‌లో సరిగ్గా తలకిందులు. మసి పడుతోందని వెంటనే వేడి ప్లగ్‌కు మారొద్దు. అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది, మోటర్‌వే మీద వేగంగా వెళ్లినప్పుడు ప్లగ్ మరీ వేడెక్కుతుంది.

మసి పట్టకుండా ఉండాలంటే

చాలామంది వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు. అసలు స్టార్ట్ చేయకపోవడమే దీనికన్నా నయం. లీటర్ పెట్రోల్ మండితే ఇంచుమించు లీటర్ నీరు తయారవుతుంది, ఇది కెమిస్ట్రీ లెక్క. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆ నీటిలో కొంత సైలెన్సర్‌లో, ఆయిల్‌లో మిగిలిపోతుంది. స్టార్ట్ చేశారంటే అరగంటైనా నడపండి, లేదంటే కదిలించకండి. మూసిన గ్యారేజీలో మాత్రం ఒక్క నిమిషం కూడా ఇంజిన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ఇంటికి ఆనుకున్న గ్యారేజీ నుంచి పిల్లల గదిలోకి కూడా చేరుతుంది.

2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్ అంటే ఈ10. పాత కార్లకు ఇథనాల్ తక్కువున్న ఈ5 సూపర్ గ్రేడ్ వాడటం మంచిది. నెలల తరబడి నిలవున్న పెట్రోల్‌లో తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోతుంది. స్టార్ట్ కాదు, మనం చోక్ ఎక్కువసేపు లాగుతాం, మళ్లీ మసి. అందుకే ఎక్కువ నిలవ పెట్టకండి. బండి కదలగానే చోక్ కొద్దికొద్దిగా లోపలికి నెట్టండి.

సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాకపోతే అదే పనిగా కొట్టకండి. ప్లగ్‌లు తీసి ఆరబెట్టండి. ప్లగ్‌లు లేకుండా ఇంజిన్ తిప్పాల్సి వస్తే ముందు కాయిల్ కనెక్షన్ తీసేయండి, బయటికొచ్చే పెట్రోల్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, మైళ్లు, నాలుగు ప్లగ్‌ల రంగు రాయండి, ఫోన్‌లో ఫొటో తీయండి. ఏడాదికి రెండుసార్లు చాలు. శుభ్రం చేసిన ప్లగ్ మళ్లీ రెండు మూడు ప్రయాణాల్లోనే నల్లబడితే, ఆ పుస్తకం పట్టుకుని మెకానిక్ దగ్గరకు వెళ్లండి. ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలుస్తుంది, అనవసరంగా విప్పించిన పనికి మీరు డబ్బు కట్టక్కర్లేదు.