విశాఖ ఓటరుకి లోకల్ అంటే ఎవరు?

విశాఖపట్నంలో పార్లమెంటు ఎన్నికలొస్తే చాలు, కంచరపాలెం టీ కొట్టు దగ్గర్నుంచి టీవీ చర్చల దాకా ఒకటే గొడవ: అభ్యర్థి లోకలా, నాన్‌లోకలా? ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ గొడవ వింటే నవ్వొస్తుంది. 1933లో హార్బరు తెరిచాక షిప్‌యార్డు, నేవీ, రిఫైనరీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటి వెంట శ్రీకాకుళం నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఒడిశా, బెంగాల్ నుంచీ జనం వచ్చారు. మల్కాపురంలోనో గాజువాకలోనో నిలబడి ‘మీ తాతగారిది ఏ ఊరు?’ అని అడిగితే, ఈ ఊరేనని చెప్పేవాళ్ళు తక్కువే దొరుకుతారు.

1952లో ఇది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. గెలిచిన లంకా సుందరం, గాం మల్లుదొర ఇద్దరూ ఇండిపెండెంట్లే. మల్లుదొర అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మనిషి. ఆ తర్వాత కొన్నాళ్ళు విజయనగరం కోట హవా. 1957లో పీవీజీ రాజు, 1962లో ఆయన బాబాయి విజ్జీ నెగ్గారు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ ఈ విజ్జీయే. 1971లో మళ్ళీ పీవీజీ రాజు, 1989లో ఆ ఇంటి కోడలు ఉమా గజపతిరాజు గెలిచారు.

ఈ రాజుల వరసకి మధ్యలో అడ్డం పడింది ఉక్కు. 1966 అక్టోబరులో గుంటూరు జిల్లా నుంచి వచ్చిన అమృతరావు విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టాలంటూ ఇక్కడ నిరాహారదీక్షకి కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఉద్యమానికి ముందు నిలిచిన తెన్నేటి విశ్వనాథాన్ని 1967లో ఏ జాతీయ పార్టీ టికెట్టూ లేకుండానే జనం లోక్‌సభకి పంపారు. జోడుగుళ్ళపాలెం దగ్గరున్న తెన్నేటి పార్కుకి సాయంత్రాలు వెళ్ళే కుర్రాళ్ళలో ఆ పేరు ఎవరిదో ఎందరికి తెలుసో గానీ, విశాఖ ఓటు తీరుని తేల్చిన ఎన్నిక నా లెక్కలో అదే. 1971 జనవరిలో ఇందిరాగాంధీ స్టీల్‌ప్లాంటుకి శంకుస్థాపన చేశారు. ప్లాంటుని జాతికి అంకితం చేసేసరికి 1992 వచ్చింది.

1984లో తెలుగుదేశం తరఫున భాట్టం శ్రీరామమూర్తి గెలిచాక ఇక పోటీ రెండు పార్టీల మధ్యకి వచ్చింది. తొంభైల నుంచి డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళ కాలం. గీతం సంస్థల అధిపతి ఎం.వి.వి.ఎస్. మూర్తి 1991లోనూ 1999లోనూ గెలిచారు. మధ్యలో 1996, 98 ఎన్నికలు నెల్లూరు వాసి సుబ్బరామిరెడ్డివి. శివరాత్రికి ఆర్కే బీచిలో ఆయన చేయించే అభిషేకం ఊరికో తిరునాళ్ళయిపోయింది. 2004లో మళ్ళీ నెల్లూరు జిల్లా మనిషే, మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి. 2009లో పురందేశ్వరి.

2014లో వై.ఎస్. విజయమ్మ ఓడిపోతే, బయటి నుంచి వచ్చారని జనం ఓడించారన్నారు. నేనొప్పుకోను. ఆమెను 90 వేల పైచిలుకు ఓట్లతో ఓడించిన హరిబాబుదీ ప్రకాశం జిల్లాయే. కాకపోతే ఆయన ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, ఈ ఊరివాడైపోయారు. విశాఖ చూసేది అది. వచ్చి ఉన్నాడా, పోటీకే వచ్చాడా అని.

2019 ఫలితం ఇంకా చిత్రం. నగరంలోని తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ అసెంబ్లీ సీట్లు నాలుగూ తెలుగుదేశానివి, ఎంపీ సీటు మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్‌ది. తేడా 4,414 ఓట్లు. జనసేన తరఫున నిలబడ్డ మాజీ సీబీఐ అధికారి లక్ష్మీనారాయణ 2.8 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. భీమిలి, గాజువాక, విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోట కూడా ఈ సీటులోవేనని బీచి రోడ్డు విశ్లేషకులు మరిచిపోతుంటారు.

ఆ తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం విశాఖని పరిపాలనా రాజధాని చేస్తామంది. 2021 జనవరిలో కేంద్రం స్టీల్‌ప్లాంటుని పూర్తిగా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. రాజధాని ఆశ ఊరిని కదపలేదు, ప్లాంటు భయం కదిపింది. 2024లో, అయిదేళ్ళ కిందట ఓడిన శ్రీభరత్ (మూర్తిగారి మనవడు) 5 లక్షలు దాటిన మెజారిటీతో గెలిచారు. ప్లాంటు పక్కనున్న గాజువాకలో అసెంబ్లీ మెజారిటీ 95 వేలు దాటి రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. 2025 జనవరిలో కేంద్రం ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. రైల్వే జోనుకి శంకుస్థాపన కూడా ఆ నెలలోనే జరిగింది.

ఇన్ని ఎన్నికల్లోనూ గట్టిగా వినబడని గొంతు ఒకటుంది. ప్లాంటు కోసం 64 ఊళ్ళు ఖాళీ చేసిన నిర్వాసితులది. ఈ నేల మీద వాళ్ళకంటే లోకల్ ఎవరూ లేరు. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు (పునరావాస కార్డు) పట్టుకుని ప్లాంటులో ఉద్యోగం కోసం తిరిగి తిరిగి ముసలైపోయినవాళ్ళు అగనంపూడి, పెదగంట్యాడ కాలనీల్లో ఇప్పటికీ ఉన్నారు. వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని మీది ఏ ఊరని అడక్కండి. ఆర్ కార్డుల సంగతి ఏం చేస్తావో అడగండి.