ఆగస్టు బాకీ

మూడేళ్లకు పైగా గడువు చేతిలో ఉండగా శాసనసభను రద్దు చేయమని సిఫారసు చేయడానికి గుండె ధైర్యం ఉండాలి. 1984 నవంబరులో ఆ సిఫారసు చేసిన ముఖ్యమంత్రి గుండెకు శస్త్రచికిత్స జరిగి అప్పటికి కొన్ని నెలలే అయింది. పైగా అది తెలుగుదేశం లాంటి ప్రాంతీయ పార్టీ ఎన్నికల మాట ఎత్తాల్సిన సమయమేనా? అక్టోబరు 31న ఇందిరాగాంధీని సొంత అంగరక్షకులే కాల్చి చంపారు. దేశమంతా ఆ దుఃఖంలోనే ఉంది. తల్లి చితికి నిప్పు పెట్టిన కొడుకు రాజీవ్ ప్రధానిగా లోక్‌సభ ఎన్నికలకు వెళుతున్నాడు. అలాంటప్పుడు ఎన్టీ రామారావు మధ్యంతర ఎన్నికలకు సిద్ధమన్నారు.

ఆ రోజుల్లో కృష్ణా డెల్టాలో ఒక రచ్చబండ. (ఇది ఫలానా ఊరిదని వెతకొద్దు. ఆ చలికాలం ఇలాంటి మాటలు సాగని రచ్చబండ ఆ చుట్టుపక్కల లేదు. మనుషులు కల్పన, మాటల్లోని తగువు మాత్రం నిజం.) గోడకు సున్నం కొట్టి సైకిలు బొమ్మ గీస్తున్నాడు ఒక కుర్రాడు. అరుగు మీద మేనమామ చుట్ట కాలుస్తున్నాడు.

"ఏం మావయ్యా, ఈసారీ చేతికేనా?"

"చేతికేరా. ఇందిరమ్మని ఇంట్లోనే కాల్చేశారు. నెల తిరగలా. ఇంకో గుర్తు మీద ముద్ర ఎయ్యాలంటే చెయ్యి ఆడాలి గదా."

"ఆవిడ పోయినందుకు మాకు మాత్రం బాధ లేదా? మరి ఆగస్టులో జరిగిందాన్ని ఏమంటావు?"

మేనమామ చుట్ట నుసి దులిపాడు. "అది అన్యాయమేలే."

చౌక డిపో నుంచి బియ్యం మూట దించుకున్న పెద్దమ్మ ఒకావిడ నవ్వింది. "మీ మావా అల్లుళ్లు తేల్చుకోండి నాయనా. మేం ఎప్పుడో అనుకున్నాం."

కుర్రాడికి పందొమ్మిదేళ్లు. అప్పటికి ఓటు హక్కు ఇరవై ఒకటి నిండితేనే. బొమ్మ గీసినవాడికి ఓటు లేదు. గోడలు రాసి, జెండాలు కట్టి, సైకిళ్ల మీద ఊరూరూ తిరిగిన కుర్రాళ్లలో చాలామంది పరిస్థితి అదే. ఉత్సాహం ఎంత ఉందని లెక్క వేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వీధిలో కనిపించిన హడావిడి అంతా పెట్టెలోకి రాదు.

తెలుగుదేశం పరిస్థితి నిజానికి అంత దివ్యంగా ఏమీ లేదు. 1983 జనవరిలో ప్రభంజనంలా వచ్చిన ప్రభుత్వం ఏడాదిన్నరలోనే చాలామందిని దూరం చేసుకుంది. పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి తగ్గించి సర్కారు ఉద్యోగులతో వైరం తెచ్చుకుంది. గ్రామాల్లో కరణం, మునసబు, తెలంగాణలో పటేల్, పట్వారీ పదవులను ఒక్క దెబ్బతో రద్దు చేసింది. ఊరి లెక్కలన్నీ గుప్పిట పెట్టుకున్న పెద్ద కుటుంబాలు ఈ దెబ్బను మరచిపోతాయా? మరో వైపు, అదే రద్దుతో ఊళ్లో మొదటిసారి తల ఎత్తి నడిచినవాళ్లున్నారు. కిలో 2 రూపాయల బియ్యం, కుటుంబానికి నెలకు 25 కిలోల వరకు, వాళ్ల ఇళ్లకే చేరింది. పార్టీకి వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లు నోరున్నవాళ్లు. అనుకూలంగా ఉన్నవాళ్లు మూట దించుకుని నవ్వి ఊరుకునేవాళ్లు. పట్నాల్లో కూర్చుని గాలి వాటం చూసేవాళ్లకు మొదటివాళ్ల మాటే వినపడింది.

ఇక ఆగస్టు. ఆ నెల తెలియకపోతే తర్వాతి మార్చి అర్థం కాదు.

అమెరికాలో గుండెకు బైపాస్ చేయించుకుని ఎన్టీఆర్ ఆగస్టు నడిమికి తిరిగొచ్చారు. ఒళ్లు ఇంకా కుదుటపడలేదు. ఆయన ఆర్థిక మంత్రి నాదెండ్ల భాస్కరరావు మెజారిటీ తనదేనని గవర్నర్ రామ్‌లాల్‌కు చెప్పుకున్నారు. బలం సభలోనే చూపిస్తానని ముఖ్యమంత్రి మొత్తుకున్నా గవర్నర్ వినలేదు. ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాజ్‌భవన్‌కు వెళ్లిన ఎన్టీఆర్‌ను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. తలలు లెక్కపెట్టడానికి ఎమ్మెల్యేలు ఎదురుగా నిలబడి ఉండగానే, లెక్క అవసరం లేదని తేల్చేశారన్నమాట.

తర్వాత జరిగినదంతా సినిమాల్లోనూ చూపించలేనిది. ఢిల్లీలో చక్రాల కుర్చీలో కూర్చున్న ఎన్టీఆర్, ఆయన వెంట 160 మందికి పైగా శాసనసభ్యులు. రాష్ట్రపతి జైల్‌సింగ్ ఎదుట ఆ ప్రదర్శన దేశమంతా చూసింది. ఎమ్మెల్యేలు జారిపోకుండా కాపాడుకోవడానికి కర్ణాటకలో శిబిరాలు పెట్టారు. అక్కడ రామకృష్ణ హెగ్డే నాయకత్వంలోని జనతా ప్రభుత్వం ఆతిథ్యం ఇచ్చింది. నంది కొండల్లో, బెంగళూరులో మన శాసనసభ్యులు రోజులు లెక్కపెట్టారు. ఆ శిబిరాల కాపలాలో అల్లుడు చంద్రబాబు నాయుడి పేరు మొదటిసారి గట్టిగా వినపడింది. ఇక్కడ ఊళ్లలో బందులు, ఊరేగింపులు, కాల్పులు. హైదరాబాద్‌లో మత కలహాలు, కర్ఫ్యూ. భాస్కరరావుకు సభలో బలం చూపించడం కుదరలేదు. గవర్నరే మారిపోయారు. రామ్‌లాల్ స్థానంలో వచ్చిన శంకర్ దయాళ్ శర్మ సెప్టెంబరు 16న ఎన్టీఆర్‌ను మళ్లీ ముఖ్యమంత్రిని చేశారు. సరిగ్గా నెల.

కథ అక్కడితో సుఖాంతమైందని చాలామంది రాస్తారు. నాకలా అనిపించదు. కుర్చీ తిరిగొచ్చింది నిజమే, కానీ ఎవరి ద్వారా? ఎమ్మెల్యేల ద్వారా, కొత్త గవర్నర్ ద్వారా, ఢిల్లీలో ప్రతిపక్ష నాయకుల గొడవ ద్వారా. నెలరోజులు రోడ్డెక్కి అరిచినవాళ్ల చేతికి మాత్రం బ్యాలెట్ కాగితం రాలేదు. తాము వేసిన ఓటును ఎవరో రాత్రికి రాత్రి చెల్లని కాసును చేశారన్న మంట వాళ్లలో అలాగే ఉండిపోయింది. పల్లెటూళ్లలో బాకీ కాగితం మీద ఉన్నా లేకపోయినా మనసులో ఉంటుంది, తీర్చే రోజు కోసం చూస్తుంది. సభ రద్దు చేయడమంటే ఆ రోజు దగ్గరికి తేవడమే. ఎన్టీఆర్ ఎత్తుగడలోని తెలివి నాకు కనపడేది ఇక్కడే. ఉత్సాహం పుట్టించడానికి ఆయన కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు, అది ఆరిపోక ముందే పెట్టె దగ్గరికి చేర్చాలి.

అయితే ముందు డిసెంబరు గండం గట్టెక్కాలి. శాసనసభ ఎన్నికలు లోక్‌సభతో కలిసి జరగలేదు. డిసెంబరు చివరి వారంలో దేశమంతా ఇందిరమ్మ పేరు మీద ఓటేసింది. కాంగ్రెస్ 400 సీట్లు దాటింది. నెహ్రూకు కూడా అంత సంఖ్య రాలేదు. ఉత్తరాదిలో ప్రతిపక్షాల మహామహులు కొట్టుకుపోయారు. కర్ణాటకలో, మనవాళ్లకు ఆశ్రయమిచ్చిన హెగ్డే జనతాకు 28 స్థానాల్లో 4 మాత్రమే మిగిలాయి.

రేడియో దగ్గర చెవులు పెట్టిన రచ్చబండ మీద ఆ రాత్రి ఏమనుకుని ఉంటారు?

"ఢిల్లీలో వాళ్లే."

"ఢిల్లీ సరే, ఇక్కడో?"

"ఇక్కడ మనమే అంటున్నారు మావయ్యా. ముప్ఫై అంట!"

"ఎన్నింటికి?"

"నలభై రెండుకి."

చుట్ట ఆరిపోయినా మేనమామ వెలిగించుకోలేదు.

తెలుగుదేశానికి 30, కాంగ్రెస్‌కు 6. లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షం ఒక ప్రాంతీయ పార్టీ కావడం దేశ చరిత్రలో అదే మొదటిసారి. హనుమకొండలో పీవీ నరసింహారావు ఓడిపోయారు. ఆయనను ఓడించిన చందుపట్ల జంగారెడ్డి, ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద గెలిచిన ఇద్దరు బీజేపీ సభ్యుల్లో ఒకరు. మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా పోటీ చేసి గెలిచారు కాబట్టి పీవీ లోక్‌సభకు వెళ్లగలిగారు.

సానుభూతి గాలి వింధ్య దాటలేదని అప్పట్లో అన్నారు. ఇప్పటికీ అంటారు. అది తప్పు, కర్ణాటక చూసినా తప్పే. ఆంధ్రప్రదేశ్‌లోనూ గాలి వచ్చింది. 1983లో దాదాపు 34 శాతం ఉన్న కాంగ్రెస్ ఓట్లు ఈ లోక్‌సభ ఎన్నికల్లో 42 శాతం దగ్గరకు పెరిగాయి. మేనమామలాంటివాళ్లు చెయ్యి గుర్తు మీద ముద్ర వేస్తూనే ఉన్నారు, కొత్తవాళ్లు కూడా కలిశారు. తెలుగుదేశం ఓట్లు మాత్రం 1983లో 46 శాతం, ఇప్పుడు 45 శాతం చుట్టూ. పెనుగాలి వచ్చి వెళ్లినా చెక్కు చెదరలేదు. గెలుపు కంటే నాకు ఇదే ఆశ్చర్యం.

జనవరి నెలాఖరులో పార్లమెంటు ఫిరాయింపుల నిరోధక చట్టాన్ని ఆమోదించింది. పార్టీ మారితే సభ్యత్వం పోతుందన్న ఆ 52వ రాజ్యాంగ సవరణ మార్చి 1న అమల్లోకి వచ్చింది. ఆగస్టులో హైదరాబాద్‌లో జరిగినలాంటిది ఇకపై అంత తేలిక కాకుండా చేసే చట్టం తెచ్చింది రాజీవ్ ప్రభుత్వమే. రాష్ట్ర కాంగ్రెస్ నాయకులు ఈ చట్టాన్ని పొగడాలో, మౌనంగా ఉండాలో తేల్చుకోవడం కష్టమే. నాలుగు రోజుల్లో పోలింగ్.

ఫిబ్రవరిలో డెల్టాలో మినుము నూర్పిళ్లు. కూలికి పోయేవాళ్లు పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. ప్రచారం రాత్రుళ్లే. సీపీఐ, సీపీఎం, బీజేపీ, జనతాలతో తెలుగుదేశం సర్దుబాట్లు చేసుకుంది. ఎర్రజెండాలూ కమలం జెండాలూ ఒకే వైపు ఎగరడం అప్పటి చిత్రాల్లో ఒకటి. ఎన్టీఆర్ మూడు చోట్ల నామినేషన్లు వేశారు. కోస్తాలో గుడివాడ, రాయలసీమలో హిందూపురం, తెలంగాణలో నల్లగొండ. రాష్ట్రమంతా ఒకే ఇల్లని చెప్పడానికి ఇంతకంటే మాటలక్కర్లేని మార్గం లేదు. మూడు చోట్లా ఒకేసారి ఓడితే నవ్వులపాలయ్యే మార్గమూ అదే.

మార్చి 5. ఆ రోజుల్లో ఓటంటే కాగితం, స్వస్తిక్ ముద్ర, మడత. మడత సరిగా పెట్టకపోతే సిరా అవతలి గుర్తు మీద అంటుకుని ఓటు చెల్లదని ఏజెంట్లు బడి పిల్లలకు చెప్పినట్టు చెప్పేవారు.

"అత్తా, ముద్ర వేశాక నిలువుగా మడువు. అడ్డంగా కాదు."

"నాకు నేర్పుతావేంట్రా? క్రితంసారి నువ్వు చెప్పే వేశానా?"

మేనమామ వరసలో నాలుగో మనిషి. ఎవరికి వేశాడో ఆయన చెప్పలేదు, కుర్రాడు అడగలేదు. ఈ మాట నేను కావాలనే ఇక్కడ ఆపుతున్నాను. అంకెలు చూస్తే ఆయన చేతికే వేసి ఉండాలి.

లెక్కింపులో తెలుగుదేశానికి 294లో 202 స్థానాలు. కాంగ్రెస్‌కు 50. సీపీఐకి 11, సీపీఎంకు 11, బీజేపీకి 8. గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడూ ఎన్టీఆర్‌వే. ఆయన హిందూపురం ఉంచుకున్నారు. 1983లో సిద్దిపేటలో తెలుగుదేశం తరఫునే పోటీ చేసి ఓడిన యువకుడు కల్వకుంట్ల చంద్రశేఖరరావు ఈసారి సైకిలు గుర్తు మీద గెలిచి మొదటిసారి సభలో అడుగుపెట్టారు. తరువాతి కాలానికి ఆ ఒక్క గెలుపు ఎంత పెద్ద సంగతో అప్పుడు ఎవరికి తెలుసు?

అదే రోజు కర్ణాటకలోనూ పోలింగ్. లోక్‌సభ ఫలితాలు చూసి హెగ్డే ప్రజల తీర్పు మళ్లీ కోరారు. డిసెంబరులో జనతాను 4 స్థానాలకు కుదించిన కన్నడ ఓటరే మార్చిలో శాసనసభలో 224కు 139 ఇచ్చాడు. ఢిల్లీకి ఒకరు, బెంగళూరుకు ఒకరు అని మూడు నెలల్లో మనసు రెండుగా పంచుకున్నాడు. తెలుగు ఓటరు పంచుకోలేదు. రాజకీయ విశ్లేషకులకు కన్నడ ఓటరు తెలివిమీద మక్కువ ఎక్కువ, ఎందుకంటే అందులో చెప్పుకోవడానికి కథ ఉంది. మనవాడిది మొండితనం. మొండితనం మీద ఎవరూ పుస్తకాలు రాయరు.

ఒక్క విషయం. ఈసారి తెలుగుదేశానికి వచ్చిన ఓట్లు 46 శాతం. 1983లోనూ అంతే. పోలింగ్ కూడా రెండుసార్లూ దాదాపు ఒకే స్థాయి, అర్హులైన ముగ్గురిలో ఇద్దరు. బర్తరఫ్, చక్రాల కుర్చీ, నంది కొండలు, ఇందిర హత్య, ఇంత జరిగాక కూడా ఆ పార్టీ వైపు కొత్తగా చేరినవాళ్లు లెక్కలో కనపడరు. ఉప్పెన అనే మాట పత్రికలకు ఇష్టం, నాకూ రాసేయాలని చెయ్యి వెళ్లింది. కానీ జరిగింది ఉప్పెన కాదు. వచ్చినవాళ్లే మళ్లీ వచ్చారు, ఒక్కరూ తగ్గకుండా వచ్చారు.

కాంగ్రెస్ సంగతి అందరూ వదిలేశారు. 50 స్థానాలతో కుదేలైన పార్టీని ఎవరు పట్టించుకుంటారు? కానీ దాని ఓట్లు 1983 నాటి 34 నుంచి 37 శాతానికి పెరిగాయి. మార్చి సంబరాల్లో ఆ మూడు శాతం కోసం చూసినవాళ్లు లేరు. 1989లో కాంగ్రెస్ 181 స్థానాలతో తిరిగొచ్చింది. తెలుగుదేశం 74కు పడిపోయింది. ఎన్టీఆర్ ఆ ఏడాది రెండు చోట్ల పోటీ చేశారు. హిందూపురంలో గెలిచి, కల్వకుర్తిలో చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు.