తడ దారిలో గంజాయి: కిలోల లెక్క, రోగుల లెక్క

ఆంధ్రప్రదేశ్ దక్షిణపు అంచున, పులికాట్ సరస్సు పక్కన, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు తడ. 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లా నుంచి విడిపోయి తిరుపతి జిల్లాలో చేరింది.  గూడూరు నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గమూ ఈ ఊరి మీదుగానే పోతుంది. విశాఖ మన్యం నుంచి తీరం వెంబడి తమిళనాడుకు పోయే గంజాయి, రోడ్డున వచ్చినా రైల్లో వచ్చినా, ఈ దారి దాటాల్సిందే. అందుకే గంజాయి పట్టివేత వార్తల్లో తడ పేరు, పక్కనున్న భీమునివారిపాలెం చెక్‌పోస్టు పేరు తరచూ కనిపిస్తాయి. ఆ వార్తల్లో ఎన్ని కిలోలో ఉంటుంది, విలువెంతో ఉంటుంది. ఆ సరుకు తాగినవాడి ఒంటికి ఏమవుతుందన్న మాట మాత్రం అరుదు. నూట ముప్పై ఏళ్ల కిందటి ఆబ్కారీ దస్త్రాలదీ ఇదే తీరు.

అప్పట్లో ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీ. తడ దగ్గర రాష్ట్ర సరిహద్దు అన్నదే లేదు. అది 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చింది. బెంగాలుతో పోలిస్తే మద్రాసులో గంజాయి వాడకం తక్కువ. బైరాగులు, ఫకీర్లు, కొందరు కూలీలు, సిపాయిలు చిలుం పట్టేవారు; నాటువైద్యులు లేహ్యాల్లో కలిపేవారు. అమ్మకానికి గంజాయి పండించే చోట్లు ప్రధానంగా రెండు. ఒకటి కృష్ణా జిల్లాలో అప్పటి బాపట్ల తాలూకా, ముఖ్యంగా దగ్గుబాడు, సంతరావూరు గ్రామాలు. రెండోది ఉత్తర ఆర్కాటు జిల్లాలోని జవ్వాది కొండలు. అక్కడ పండించినవారు మలయాళీలనే కొండజాతివారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం చిత్తూరే. అంటే జవ్వాది గంజాయి మీద పెత్తనం చిత్తూరు కలెక్టరు కచేరీది.

పంట పద్ధతి తెలిస్తే మత్తు సంగతి అర్థమవుతుంది. గంజాయిలో ఆడ, మగ మొక్కలు వేరువేరు. మత్తునిచ్చే జిగురు ఎక్కువగా ఆడ మొక్క పూతకొసల్లో ఊరుతుంది. పుప్పొడి తగిలితే మొక్క బలం గింజకు పోతుంది, జిగురు తగ్గుతుంది. అందుకని మగ మొక్కల్ని ముందే గుర్తుపట్టి పీకేస్తారు. ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న నౌగావ్ ప్రాంతంలో దీనికోసం పొలం పొలం తిరిగే నిపుణులుండేవారు, వారికి కూలి ఇచ్చి పిలిపించుకునేవారు. ఈ ఏరివేత ఎంత శ్రద్ధగా జరిగితే సరుకు అంత ఘాటు.

గంజాయి వల్ల పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయన్న ఆరోపణ 1893లో బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లింది. డబ్ల్యు.ఎస్. కెయిన్ అనే సభ్యుడు ప్రశ్న లేవనెత్తాడు. దాంతో మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన భారత గంజాయి విచారణ కమిషన్ ఏర్పడింది. ఏడుగురు సభ్యులు, వారిలో ముగ్గురు భారతీయులు. వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి 1894లో నివేదిక ఇచ్చారు. కలకత్తాలో డాక్టర్ కనింగ్‌హామ్ చేత ఒక కోతికి నెలల తరబడి గంజాయి పొగ పట్టించి కూడా చూశారు.

ఆ నివేదికలో ఇవాళ్టికీ చదవదగ్గది పిచ్చాసుపత్రుల రిజిస్టర్ల పరిశీలన. రోగిని తీసుకొచ్చేది పోలీసు. అతని వివరాల పత్రంలో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే పైనుంచి ప్రశ్న వస్తుంది. రోగి దిక్కులేనివాడు, ఊరేదో చెప్పలేడు. గంజాయి తాగుతాడా అని ఎవరినో అడిగి, అవునంటే అదే కారణమని రాసేసేవారు. ఆసుపత్రి గుమస్తా దాన్నే రిజిస్టరులోకి ఎక్కించేవాడు. మరుసటేడు అది ప్రభుత్వ గణాంకమైపోయేది. 1892లో దేశవ్యాప్తంగా చేరిన 1,344 మందిలో 222 మందికి గంజాయి, భంగు, చరస్‌ల వల్లే పిచ్చి ఎక్కిందని రాసి ఉంది. కమిషన్ ఒక్కో కేసూ తిరగేసి చూస్తే 98 మాత్రమే నిలిచాయి. వాటిలోనూ 61 మందికే మరో కారణం కనబడలేదు. తడ వైపు రోగులకు దగ్గరి పిచ్చాసుపత్రి మద్రాసు కీల్పాక్‌లోది.

మితంగా వాడితే దాదాపుగా హాని లేదు, మితిమీరితే ఒంటికీ మనసుకూ చేటే, బలహీనమైన మనసున్నవారికి పిచ్చి రావచ్చు, పొగ ఎక్కువైతే ఊపిరి గొట్టాల వాపు వస్తుంది: ఇదీ కమిషన్ తేల్చింది. నిషేధం వద్దు, సుంకం పెంచండి అంది. తర్వాతి ఏళ్లలో మద్రాసులో సాగును లైసెన్సుల కిందికి, సరుకును సర్కారు పర్యవేక్షణలోని గిడ్డంగుల్లోకి తెచ్చారు. ఖజానాకు నచ్చిన తీర్పు కాబట్టి త్వరగానే అమలైందనుకోవాలి. మితం ఎంత, అతి ఎంత అన్న ప్రశ్నకు కొలత మాత్రం కమిషన్ చెప్పలేకపోయింది. చెప్పాలన్నా అప్పటికి మత్తునిచ్చే పదార్థం ఏమిటో ఎవరికీ తెలియదు.

అది తెలిసింది 1964లో. ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలం, యెహియేల్ గావోనీ టీహెచ్‌సీ అనే పదార్థాన్ని విడదీసి నిర్మాణం చెప్పారు. మెదడులో దాన్ని పట్టుకునే గ్రాహకాలు 1988లో బయటపడ్డాయి. జ్ఞాపకం, భయం, కాలస్పృహ, ఒంటి సమతూకం చూసుకునే భాగాల్లో అవి దట్టంగా ఉంటాయి. దమ్ము లాగిన నిమిషాల్లో గుండె వేగం పెరగడం, మాట మధ్యలో మరిచిపోవడం, అకారణ భయం అందుకే. లడ్డూలోనో చాక్లెట్‌లోనో తింటే మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఎక్కలేదనుకుని ఇంకొకటి తింటారు. ఇలాంటివారు ఆసుపత్రికి చేరడమూ కద్దు.

దీర్ఘకాలపు హానికి గట్టి ఆధారం 1987లో స్వీడన్ నుంచి వచ్చింది. సైన్యంలో చేరిన 45 వేలమందికి పైగా యువకుల్ని పదిహేనేళ్లు గమనిస్తే, చేరేనాటికి యాభైసార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రెనియా ఆరు రెట్లు కనిపించింది. 2019లో ఐరోపా, బ్రెజిల్ నగరాల అధ్యయనం మరో సంగతి కలిపింది: రోజూ తాగేవారికి చిత్తభ్రమ ముప్పు మూడు రెట్లు, టీహెచ్‌సీ పదిశాతం దాటిన ఘాటు సరుకు రోజూ తాగేవారికి ఐదు రెట్లకు దగ్గర. వంశంలో మానసిక వ్యాధి ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. పిచ్చికి ముందే గంజాయి పట్టారా, పిచ్చి మొదలయ్యే దశలో ఉపశమనానికి పట్టారా అన్న వాదన పూర్తిగా తీరలేదు కానీ, మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరగడం కొట్టిపారేయలేనిది. 1894 కమిషన్ ఊహ దారి తప్పలేదు. దాని ‘మితం’ మాత్రం ఆనాటి సరుకుకు చెందినది.

గంజాయికి అలవాటు పడరన్నది ఒక అపోహ. వాడినవారిలో పదిమందికి ఒకరు వదల్లేని స్థితికి వస్తారని, టీనేజీలో మొదలుపెడితే ఆ పాలు ఇంకా పెరుగుతుందని అంచనా. మానేస్తే చిరాకు, నిద్రలేమి, ఆకలి చచ్చిపోవడం వారం రెండు వారాలు వేధిస్తాయి. తెలుగునాట బీడీ, సిగరెట్ల పొగాకుతో కలిపి తాగడం మామూలు కాబట్టి నికోటిన్ అలవాటూ వెంట వస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారిలో కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి. వేడినీళ్ల స్నానం చేస్తే కాసేపు తగ్గడం దీని గుర్తు. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు వర్ణించేదాకా దీనికి పేరే లేదు. కడుపునొప్పి మాత్రలతో తిరిగే ఇలాంటి రోగి గంజాయి సంగతి డాక్టరుకు చెప్పకపోతే జబ్బు అంతుపట్టదు.

1985 నవంబరు 14న మాదకద్రవ్యాల చట్టం అమల్లోకి వచ్చింది. పూతకొసలే గంజాయి అని నిర్వచించి, ఉత్త ఆకుల్ని, అంటే భంగును, వదిలేసింది. కిలో దాకా చిన్న పరిమాణం. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం, పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల జైలు. తూకాన్ని బట్టే శిక్ష కాబట్టి మళ్లీ కిలోలే ప్రధానమయ్యాయి. సాగు దొంగచాటుగా విశాఖ మన్యంలోని చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల కొండవాలుకు చేరింది. పెట్టుబడి పెట్టేది బయటి వ్యాపారి, జైలుకు పోయేది తరచూ గిరిజన రైతు, మూట మోసిన కుర్రాడు. 2021 చివర ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేలాది ఎకరాల్లో మొక్కలు నరికారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. తడ దగ్గర 2017 జూలైలో జీఎస్టీతో వాణిజ్యపన్నుల తనిఖీ పోయింది. అయినా బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాల కోసం బస్సుల్ని, లారీల్ని ఆపి వెతకడం ఆగలేదు.

దేశమంతటి రోగుల లెక్క 2019లో వచ్చింది. ఎయిమ్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం అంతకుముందు ఏడాదిలో భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడినవారు దాదాపు 3.1 కోట్లు. దానివల్ల సమస్యల్లో పడి సాయం అవసరమైనవారు 72 లక్షలు. వదిలించుకోవాలనుకునే వారి కోసం కేంద్రం 14446 నంబరు నడుపుతోంది. రాష్ట్రంలో మాదకద్రవ్యాల కట్టడికి పనిచేసే ఈగల్ అనే పోలీసు విభాగం నంబరు 1972.