ఏకామ్ర నివాస్‌లో మీసాన్లు

ఈసారి పోస్టు కాస్త పొడుగే. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

పోయిన ఆదివారం మా మేనకోడలు లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చింది. ఫిజిక్స్ ఎమ్మెస్సీ, ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు. "మామయ్యా, నా ప్రోగ్రాం తప్పు చెబుతోంది, రెండు వారాల్లో వైవా" అని మొహం వేలాడేసింది. వాడుతున్నది జియాంట్ 4. జెనీవాలోని సెర్న్‌తో పాటు అనేక సంస్థలు కలిసి తయారుచేసి, 1998 డిసెంబరులో మొదటిసారి విడుదల చేసిన సాఫ్ట్‌వేర్. ఒక కణం పదార్థంలోకి దూరితే ఎక్కడిదాకా పోతుంది, ఎక్కడ విరిగిపోతుంది, దానిలోంచి ఏం పుడతాయి అన్నది అడుగడుగునా లెక్కగడుతుంది. పుట్టిన ప్రతి కణానికీ ఒక నంబరు, దాని పక్కనే దాన్ని కన్న కణం నంబరు. మన సంఘంలో పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లని 'ఎవరి తాలూకు' అని అడుగుతామే, అచ్చం అదే!

పిల్ల చూస్తున్నది ధనావేశమున్న పయాన్‌ని. పయాన్ విరిగితే మ్యూయాన్, న్యూట్రినో పుడతాయి. పంచుకునేది ఇద్దరే కాబట్టి బేరాలకి చోటు లేదు. ఆగిపోయిన పయాన్ విరిగినప్పుడు మిగిలే శక్తి 33.9 ఎంఈవీ. అందులో 4.1 మ్యూయాన్‌కి, 29.8 న్యూట్రినోకి. రెండూ సమానమైన ద్రవ్యవేగంతో ఎదురెదురు దిక్కులకి పోవాలి గనక ఎన్నిసార్లు చేసినా ఇదే వాటా. 1947లో బ్రిస్టల్‌లో పావెల్ బృందం ఫొటో ఎమల్షన్ పలకల్లో చూసింది దీన్నే: మ్యూయాన్ గీతలన్నీ దాదాపు ఒకే పొడవు, సుమారు 0.6 మిల్లీమీటర్లు. ముగ్గురు పంచుకుంటే వేరు. బీటా క్షయంలో ఎలక్ట్రాన్ ఒక్కోసారి ఒక్కో శక్తితో వస్తుంది. కంటికి దొరకని మూడో వాటాదారు ఉండాలని 1930లో పౌలీ ఊహించింది అందుకే. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద, కాషాయం కట్టిన సన్యాసి, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర పరిశోధించింది ఈ బీటా కిరణాల మీదే. ఆయన కథ మరో పోస్టులో రాస్తాను.

మా పిల్ల గ్రాఫులో 4.1 దగ్గర సూదిమొనలా ఒక గీత, దాని చుట్టూ చెదిరిన మచ్చలా ఇంకొన్ని. ఆ మచ్చ చూసే దాని దిగులు. సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. కొన్ని పయాన్లు ఆగకముందే, పరుగులోనే విరిగాయి. పరుగెత్తే బండిలోంచి బంతి ముందుకు విసిరితే ఒక వేగం, వెనక్కి విసిరితే ఇంకో వేగం. తల్లి కణం నంబరు పట్టుకుని, విరిగే క్షణంలో దాని వేగం ఎంతో చూసి, ఆగినవీ ఆగనివీ వేరు చేయమన్నాను. ఆగినవన్నీ 4.1 దగ్గరే సూదిలా నిలబడ్డాయి.

అప్పుడు దానికి చెప్పిన మద్రాసు కథే మీకూ చెబుతున్నాను.

అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ పేరు మనకి తెలుసు. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టి, మద్రాసులో పెద్ద లాయరై, రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్న మనిషి. ఆయన కొడుకు రామకృష్ణన్ 1923లో పుట్టారు. తండ్రి బాటలో లా వైపు వెళ్లాల్సిన కుర్రాడు. హోమీ భాభా మద్రాసులో మీసాన్ల మీద ఇచ్చిన ఉపన్యాసం విని మనసు మార్చుకుని, 1947లో ఆయన దగ్గరే చేరారు. ఈ భాభాయే 1938లో, వేగంగా పోయే మీసాన్‌కి ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రకారం ఆయుష్షు పెరిగినట్టు కనిపించాలని రాశారు. మ్యూయాన్ ఆయుష్షు సెకనులో పది లక్షల వంతులు రెండుంబావు కన్నా తక్కువే. కాంతి వేగంతో పోయినా ఆలోపు 660 మీటర్లు. పైవాతావరణంలో పుట్టినవి మన డాబా దాకా వస్తున్నాయంటే కారణం ఆ ఆయుష్షే.

భాభా ఆ కుర్రాడికిచ్చిన లెక్క: అంతరిక్షం నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రాన్ గాలిలో జల్లులా పిల్లల్ని, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని కంటూ పోతే, ఫలానా లోతులో ఎన్ని ఉంటాయి? సగటు తీయడం ఒక ఎత్తు. ఒక జల్లుకీ ఇంకో జల్లుకీ తేడా ఎంత వస్తుందన్నది అంతకంటే కష్టం, ఎందుకంటే శక్తి ఎంతైనా కావచ్చు, మెట్లు మెట్లుగా ఉండదు. ఈ శక్తి దగ్గర ఒక కణం, ఆ శక్తి దగ్గర ఇంకొకటి కలిసి కనపడే అవకాశం ఎంత అని లెక్కగట్టే పద్ధతిని రామకృష్ణన్ కట్టారు. ప్రాడక్ట్ డెన్సిటీలు అంటారు. ఆ వ్యాసం 1950లో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఇప్పుడు మా పిల్ల పదివేల పయాన్లని ఒక బటన్ నొక్కి వదులుతుంది. తేడా ఎంతో గ్రాఫే చూపిస్తుంది. ఆయనకున్నది కాగితం, కలం.

1957-58లో ప్రిన్స్‌టన్‌లో ఉండి వచ్చాక, మైలాపూరు లజ్‌లోని తండ్రిగారి ఇల్లు 'ఏకామ్ర నివాస్'లో కుర్రాళ్లని కూర్చోబెట్టి సెమినార్లు మొదలుపెట్టారు. 1960లో నీల్స్ బోర్ అంతటివాడు వచ్చి ఆ పిల్లల్ని చూసి మెచ్చుకున్నాడు. మాట నెహ్రూ చెవిన పడింది. సి. సుబ్రమణ్యం పూనుకున్నారు. 1962 జనవరి 3న మాట్‌సైన్స్ పుట్టింది, ఇప్పుడు తరమణిలో ఉన్న గణిత విజ్ఞాన సంస్థ. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన జార్జ్ సుదర్శన్ 1980లలో దానికే డైరెక్టరుగా వచ్చారు. మార్షక్‌తో కలిసి ఆయన 1957లో చెప్పిన వి-ఎ సిద్ధాంతం ప్రకారమే, మ్యూయాన్ విరిగినప్పుడు ఎలక్ట్రాన్‌కి ఎంత శక్తి రావచ్చో ఈ సాఫ్ట్‌వేర్ ఈరోజుకీ నిర్ణయిస్తుంది. ఈ ముక్క చెప్పగానే మా పిల్ల స్క్రీన్ వదిలి నా వైపు తిరిగింది!

ఇక అసలు విషయం. మన సావనీరులో 'మద్రాసు మనవాళ్లు' శీర్షిక కింద సినిమావాళ్లకి పద్నాలుగు పేజీలు, అల్లాడి వారి తండ్రికి అర పేజీ ఇచ్చారు. కొడుకు పేరే లేదు. కమిటీలో అడిగితే 'సైన్సు ఎవరు చదువుతారండీ' అన్నారు. ఇంకో అర పేజీ ఇస్తే నేను రాసిస్తాను, రూపాయి అడగను. లజ్ ఇంటి సెమినార్లకి వెళ్లినవాళ్లు మీ ఇళ్లల్లో ఎవరైనా ఉంటే, ఆనాటి ఫొటోగానీ నోటు పుస్తకంగానీ ఉంటే, అచ్చుకి వెళ్లేలోగా నాకో మాట చెప్పండి. నేనే వచ్చి తీసుకుంటాను.