హాంకాంగు చెఱలో హైదరాబాదు యువకుడు

కోడుమూరు, కర్నూలు సీమలు ఆంగ్లేయుల యేలుబడిలో నున్న దినములలో తుంగభద్ర దాటినచో నైజాము రాజ్యము. ఆ రాజ్యపు రాజధానిలో పుట్టి, సముద్రములకావల చెఱలో అసువులు బాసిన యొక యువకుని వృత్తాంతము నేడు వినిపింపదలచితిమి.

ఆతడు కెప్టెన్ మతీన్ అహమ్మదు అన్సారీ. నైజాము ప్రభువు వంశమునకు బంధువు. ఆతడు పనిచేసిన 7వ రాజపుత్ర రెజిమెంటులోని 5వ పటాలము హాంకాంగును కాచుచుండగా, 1941 డిసెంబరు 8న జపాను సేనలు పైబడినవి. డిసెంబరు 18 రాత్రి శత్రువు ద్వీపముపై దిగిన చోట రాజపుత్రులే ఎదురొడ్డి పెక్కుమంది నేలకొరిగిరి. క్రిస్మసు నాడు నగరము లొంగిపోయెను. అన్సారీ బందీ యయ్యెను.

బందీ రాజబంధువని తెలియగానే జపానువారు ఆతనిని వేఱుగా చూడసాగిరి. ఆంగ్ల ప్రభుత్వమునెడ విధేయతను విడనాడుమనిరి. తోడి భారత సైనికులలో తిరుగుబాటు రేపుమనిరి. ఆతడు ఒల్లననెను. 1942 మేలో స్టాన్లీ జైలులో త్రోసి, తిండి మాడ్చి, హింసించిరి. సెప్టెంబరు కడపట ఆసుపత్రికి చేర్చునాటికి నడువలేని స్థితి.

ఇక్కడ కొంచెమాగవలెను. ఆ యేడే సింగపూరులో ఆజాదు హిందు ఫౌజు రూపొందగా, చెఱబడిన మనవారు వేలాదిగా చేరిరి. 1945 నవంబరులో ఎఱ్ఱకోటలో విచారణ మొదలైనపుడు దేశమంతయు వారి పక్షమున నిలిచినది. అట్లైన అన్సారీ దేశమునకు కానివాడా? మేమట్లు తలపము. ఆతని నడిగినది, వంశపు పేరు చూపి తోడివారి మనసులు విఱువుమని. దెబ్బలకు వెఱచి మాట మార్చుట ఆతనికి సమ్మతము కాలేదు. ఈ రెండు త్రోవలవారిని ఒకే తక్కెడలో తూచుట తగదు.

కోలుకొనగానే ఆతనిని అధికారుల శిబిరమునకు పంపక, సామాన్య సిపాయిల నడుమ నుంచిరి. అది వారి పొరపాటే యనవలెను! అచటనే ఆతడు బందీలు తప్పించుకొనుటకు ఏర్పాట్లు సాగించెను. 1943 మేలో ఎవరో గుట్టు బయటపెట్టిరి. మరల అదే జైలు, అయిదు నెలల చిత్రహింస. అక్టోబరులో ఆంగ్లేయులు, చీనీయులు, భారతీయులు ముప్పదిమందికి పైగా మరణశిక్షకు గురికాగా, వారితోపాటు ఆతని శిరస్సు ఖండించిరి. ముప్పదియేండ్లు నిండలేదు.

1946 ఏప్రిలులో మరణానంతరము జార్జి క్రాసు ప్రకటించిరి. మరుసటి యేడు ఆంగ్లేయులు వెడలిరి. 1948లో నైజాము పాలన ముగిసెను. ఆతడు నమ్మిన సింహాసనము, పుట్టిన వంశపు సింహాసనము రెండును తొలగినవి. సమాధి మాత్రము హాంకాంగులో, స్టాన్లీ సైనిక శ్మశానవాటికలో నున్నది.