కలరా ఉండ – ఖైదీ నెత్తురు

ఇంట్లో పురుడొచ్చిందంటే చాలు, ట్రంకుపెట్టె తెరిచి, కలరా ఉండల వాసన గుప్పుమంటున్న మెత్తటి పాతచీరల్లో పసివాణ్ణి చుట్టేస్తాం. నేనూ అలా చుట్టినదాన్నే. ఆ ఉండలు కొందరు పసివాళ్ల నెత్తుటికి పడవని ఆమధ్య చదివి, నా గుండె ఝల్లుమంది.

మన ఎర్రకణాలకి కాపలా కాసే ఎంజైమ్ ఒకటుంది. పొట్టిపేరు జి-6-పి-డి. అది తక్కువైన వాళ్లు మామూలు రోజుల్లో అందరిలాగే తిరుగుతారు. పడనిదేదో తగిలిందా, ఎర్రకణాలు చిట్లిపోతాయి. ఒళ్లు పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకి తిరుగుతుంది. మధ్యధరా సముద్రపు ఊళ్లలో ఫావా చిక్కుళ్లు తిని (మన పందిరి చిక్కుడు కాదు లెండి) ఇలా మంచాన పడేవాళ్లు ఏనాటినుంచో ఉన్నారు. గ్రీకు పెద్దాయన పైథాగరస్ ఆ చిక్కుళ్ల జోలికి పోవద్దని శిష్యులకి చెప్పాడంటారు.

అయితే అసలు గుట్టు తేలింది వంటింట్లో కాదు, జైల్లో!

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్టేట్‌విల్ జైలు. 1944లో, యుద్ధం రోజుల్లో, చికాగో విశ్వవిద్యాలయం డాక్టర్లు అక్కడి ఖైదీలమీద మలేరియా మందులు పరీక్షించసాగారు. తర్వాత వచ్చిన ప్రైమాక్విన్ మాత్ర చాలామందికి పడింది. కొందరికి మాత్రం, వాళ్లలోనూ ఎక్కువగా నల్లవాళ్లకి, నెత్తురు విరిగిపోయింది. ఎందుకా అని వెతగ్గా వెతగ్గా, లోపం ఈ ఎంజైమ్‌దేనని 1956లో పాల్ కార్సన్, ఆయన తోటివాళ్లు తేల్చారు.

ఖైదీలు ఇష్టపడే ఒప్పుకున్నారన్నారు. కటకటాల వెనక చెప్పే 'సరే'కి విలువెంతో, అత్తింట్లో కొత్తకోడలు చెప్పే 'సరే' ఎరిగిన మనకి ఒకరు చెప్పాలా?

ఈ ఎంజైమ్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందుకే మగపిల్లాడికి ఈ లోపం తల్లినుంచే వస్తుంది. ఆమె తప్పేం లేదు. చాలాసార్లు తనలో అది ఉన్న సంగతే ఆమెకి తెలియదు. ఈ మాట తెలియని ఇళ్లలో ఎంతమంది కోడళ్లు 'మీ పుట్టింటి రోగం' అని దెప్పించుకున్నారో!

ఇవాళ ప్రైమాక్విన్ ఇచ్చేముందు జి-6-పి-డి పరీక్ష చేయించమంటున్నారు. ఆ చిన్న పరీక్ష వెనక, పేర్లు మనకి తెలియని ఖైదీల పాలిపోయిన మొహాలున్నాయి.

మా ఇంట్లో పసిబట్టల మధ్య ఇప్పుడు కలరా ఉండలు లేవు. ఎండు వేపాకు ఉంది. వాళ్లకి నేను తీర్చుకోగల బాకీ అంతే.