పొయ్యిలోకి పుల్ల ఎక్కడి నుంచి వచ్చేది? మన డెల్టా కట్టెల కథ



గ్యాస్ బండ ధర పెరిగినప్పుడల్లా మన ఊళ్ళల్లో ఒక మాట వినపడుతుంది, "ఇంక మళ్ళీ కట్టెల పొయ్యే గతి" అని. అనడం తేలికే. కట్టెలేవీ? బంటుమిల్లి సెంటర్లో నిలబడి ఎటు చూసినా వరి చేలు, చేపల చెరువులు, అక్కడక్కడా నాలుగు కొబ్బరి చెట్లు. పోనీ మన తాతల కాలంలో మాత్రం కట్టెలు ఎక్కడున్నాయి? ఈ పోస్టు దాని గురించే. కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన నేల ఒండ్రు నేల, సముద్రం వైపు పోయేకొద్దీ ఉప్పు నేల. అడవి అనదగ్గది రెండు చివర్లే. కింద కృష్ణ సముద్రంలో కలిసే నాగాయలంక, కోడూరు వైపు మడ అడవి. పైన కొండపల్లి కొండల అడవి. మధ్యలో ఉన్న మనకి గట్టు మీద తుమ్మ, తాడి, బీళ్ళలో కంప, అంతే. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855కి పూర్తయింది. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు, దగ్గరుండి కట్టించిన కెప్టెన్ ఓర్ పేరు మాత్రం ఎవరూ తలుచుకోరు. కాలవ నీళ్ళు వచ్చాక బీడు ఎవరికి కావాలి? పశువులు మేసిన చోటు, కంప కొట్టుకున్న చోటు కూడా మడి అయింది. తిండి గింజకి కరువు తీరింది, పొయ్యిలో పుల్లకి కరువు వచ్చింది. ఆనకట్ట మీద ఎన్ని పుస్తకాలు వచ్చినా ఈ రెండో సంగతి ఎక్కడా గట్టిగా చెప్పరు. బహుశా పుస్తకాలు రాసినవాళ్ళు పొయ్యి ఊదినవాళ్ళు కాదు గనక.

కట్టె లేనప్పుడు ఏం కాలుస్తాం? పేడ. ఇక్కడే రైతుకి అసలు నష్టం. ఇంగ్లండు నుంచి వోల్కర్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త 1889 చివర్లో మన దేశం వచ్చి ఏడాదికి పైగా ఊళ్ళు తిరిగి, 1893లో పెద్ద నివేదిక అచ్చు వేయించాడు. హిందూ దేశపు రైతుకి సేద్యం రాదని అప్పటి దొరలు అనేవారు. ఈయన ఆ మాట కాదన్నాడు. రైతు పేడ కాల్చేది తెలివితక్కువై కాదు, కట్టె దొరక్క అన్నాడు. ఊరి దగ్గర వంటచెరుకుకీ మేతకీ వేరే వనాలు పెంచితే పేడ చేలోకి పోతుందన్నాడు. 1928లో రాయల్ కమిషన్ కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. చెప్పడం అయింది, వనాలు మాత్రం రాలేదు. మన పెంటకుప్ప సగం గోడ మీద పిడకై, పొయ్యిలో బూడిదై పోతూనే వచ్చింది.

అయినా ఆ ఆడవాళ్ళ లెక్క చూడండి. వేటిని ఎక్కడ వాడాలో వాళ్ళకి తెలిసినట్టు ఏ ఇంజనీరుకీ తెలియదు. అంటించడానికి ఎండు తాటాకు, జనపకట్టె. అన్నం పొంగొచ్చేదాకా మంట కావాలి, దానికి కంప, జీలుగ కట్టె, కొబ్బరి మట్ట. పొంగొచ్చాక ఒక తుమ్మ పేడు చాలు. పాలకి దాలి గుంట. పిడకలు సన్నగా రాజుకుంటూ ఉంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి, మీగడ ఎర్రగా కట్టేది. మిల్లులు వచ్చాక ఊక పొయ్యి, కోతమిల్లు దగ్గర ఇళ్ళకి పొట్టు పొయ్యి. మధ్యాహ్నం పడమటి గాలి లేచేలోపు వంట ముగించి నిప్పు మీద నీళ్ళు చల్లాల్సిందే, తాటాకు ఇళ్ళాయె.

ఇక కట్టె సిద్ధం చేయడం. నల్లతుమ్మని పచ్చి మీద ఉండగానే చీల్చాలి. ఎండితే గొడ్డలి మొండిబారుతుంది కానీ దుంగ విచ్చుకోదు. మాఘం, ఫాల్గుణాల్లో చేలు ఖాళీ అయ్యాక కొమ్మలు నరికి, చీల్చి, పేళ్ళని గాలి ఆడేట్టు అడ్డదిడ్డంగా పేర్చేవాళ్ళు. అడుగున తాటి బొంద వేస్తే చెద, చెమ్మ రావు. రోహిణి కార్తె ఎండలు పూర్తిగా తగలాలి, మృగశిర చినుకు పడేలోపు వసారాలోకి చేరాలి. తుపాన్ల కార్తీకం కోసం వేరే మోపు, పొయ్యి పైన అటక మీద.

పచ్చి కట్టె ఎందుకు పనికిరాదో చాలామంది తప్పుగా చెబుతారు, అందులోని నీరు ఆవిరి కావడానికే వేడంతా పోతుందని. లెక్క వేద్దాం. పది కిలోల పచ్చి కట్టెలో నాలుగు కిలోల నీరుందనుకోండి. కిలో నీరు మరిగి ఆవిరి కావడానికి సుమారు 600 కిలోకేలరీలు, అంటే మొత్తం 2,400. మిగతా ఆరు కిలోల చెక్కలో దగ్గరదగ్గర 30,000 ఉంటాయి. పోయింది పన్నెండో వంతే. అసలు నష్టం వేరు. తడి వల్ల నిప్పు చల్లబడుతుంది, కట్టెలోంచి వచ్చే వాయువులు మండకుండానే పొగై లేచిపోతాయి. ఆ పొగే కళ్ళల్లోకి, ఊపిరితిత్తుల్లోకి. అంటే పొగ వస్తోందంటే మీ కట్టెలు కాలకుండానే గాల్లోకి పోతున్నాయని లెక్క.

చలిదేశాల్లో కట్టెల పొయ్యి అంటే ఇల్లు వెచ్చబెట్టుకునేది. అమెరికాలో ఫ్రాంక్లిన్ 1740ల్లో ఇనప పొయ్యి తయారుచేసింది అందుకే, గదిలో వేడి గదిలోనే ఉండాలని. మన బాధ తల్లకిందులు. వేడి, పొగ ఇంట్లోంచి ఎలా పోతాయా అని చూసేవాళ్ళం. మనకి ఇల్లు వెచ్చబెట్టే పని ఒక్కచోటే, బాలింత గదిలో. మంచం పక్కన కుంపటి, అందులో బొగ్గులు, పైన కాస్త సాంబ్రాణి. ధనుర్మాసంలో ముసలివాళ్ళకి కూడా. పెద్దలు తలుపు ఓరగా తీసి ఉంచమనేది ఊరికే కాదు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. చెరువుల మీద కాపలా షెడ్డుల్లో ఇప్పటికీ చలికి బకెట్లో నిప్పులు పెట్టుకుని తలుపు బిగించి పడుకునే కుర్రాళ్ళున్నారు. దయచేసి వద్దని చెప్పండి. నిద్రలోనే పోతారు.

వంటకే కాదు, పనికీ కట్టె కావాలి. పక్కనే పెడన చూడండి. కలంకారీ గుడ్డని రంగు తేలడానికి పెద్ద పాత్రల్లో ఉడకబెట్టాలి, కింద మంట ఆరకూడదు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరు వచ్చింది ఈ గుడ్డల కోసమే. యూరప్ పోయిన ప్రతి గజం గుడ్డ వెనక ఇక్కడ కొంత కట్టె బూడిదైందన్న మాట. డెల్టా కాలవలు పారుదలకే కాదు, పడవలకి కూడా పనికొచ్చేట్టు తవ్వారు. కాలవ గట్టున కట్టెల అడితి ఉండటం అందుకే. దక్షిణాన బకింగ్‌హామ్ కాలవలో మద్రాసు పోయే పడవల్లో పెద్ద సరుకు ఉప్పూ, వంటచెరుకే. 1908లో బందరుకి రైలు వచ్చాక పడవ వెనకబడింది.

సర్కారు తుమ్మ గురించి ఒక మాట. దాన్ని తిట్టనివాడు లేడు. 1877లో కడప జిల్లా కమలాపురం వైపు మొదటగా నాటించారు, విత్తనం జమైకాది. తెచ్చింది వంటచెరుకు కోసమే, సర్కారు తెచ్చింది గనక సర్కారు తుమ్మ. ఉప్పు నేలలోనూ పెరుగుతుంది, బొగ్గు బాగా వస్తుంది, మన బీళ్ళని మింగేసింది కూడా. ఒక్క మాట ఒప్పుకోవాలి, భూమి లేని ఇళ్ళల్లో చాలా ఏళ్ళు పొయ్యి వెలిగించింది అదే.

సరుగుడు కూడా బయటిదే. మద్రాసు రైలు ఇంజన్లకి బొగ్గు చాలక 1860ల్లో ఆ తీరం వెంట తోటలు వేయించారు. సింగరేణి బొగ్గు 1889లో బయటికి వచ్చాక రైలుకి అది అక్కర్లేకపోయింది, మనకి మిగిలింది. పచ్చిది కూడా మండుతుంది, కిలోకి 5,000 కిలోకేలరీల దాకా వేడి. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ తీరానికి గాలికి అడ్డంగా సరుగుడు తోటలు పెంచారు. మడ అడవి విలువ తెలిసింది కూడా అప్పుడే. అంతకుముందు అది కొట్టుకుని పొయ్యిలో పెట్టుకునే కంప. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్ళు 1990ల చివర్లో వచ్చి, మడ పోయిన చోట కాలవలు తవ్వి, పోటు నీరు ఎక్కించి, మళ్ళీ పెంచడం మొదలెట్టారు.

పొయ్యి మార్చాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1953లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి తయారుచేశారు. కేంద్రం 1983లో పొగలేని పొయ్యిల పథకం పెట్టింది. చాలా ఇళ్ళల్లో గొట్టం మసి పట్టి పూడుకుపోయాక మళ్ళీ మూడు రాళ్ళే. మార్పు నిజంగా వచ్చింది 1999లో దీపం పథకంతో, తర్వాత 2016లో ఉజ్వలతో. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊదుగొట్టం పట్టుకుని దగ్గిన మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ లెక్కలోకీ రాలేదు. అందుకే "మళ్ళీ కట్టెల పొయ్యే" అని మనం మగాళ్ళం అనేముందు ఇంట్లో ఒకసారి అడగాలి.

గ్యాస్ వచ్చాక గట్టు మీద తుమ్మకి దిక్కు లేకుండా పోయింది. చెరువులు తవ్వేటప్పుడు ప్రొక్లెయినర్ ముందు పడింది అదే. పేడ చేలోకి మళ్ళిందా అంటే, పశువులే తగ్గిపోయాయి. ఒకప్పుడు పుల్ల కోసం అంత ఎతుక్కున్న చోట, ఇప్పుడు మిషన్ కోత అయ్యాక ఎకరాలకి ఎకరాల గడ్డి చేలోనే తగలబెడుతున్నాం.

మీ ఊళ్ళో నీళ్ళ కాగు కింద ఇప్పటికీ మంట పెడుతున్నారా? పెడితే ఏం వేస్తున్నారు, కొబ్బరి డొక్కలా, సరుగుడు పుల్లలా? మీ ఊరి కట్టెల అడితి ఏ కాలవ గట్టున ఉండేదో పెద్దవాళ్ళని అడిగి రాయండి. బంటుమిల్లి చుట్టుపక్కల ఊళ్ళవి నేను వరసగా రాసి పెట్టుకుంటున్నాను.